ఉపకారమా, వేతనమా

స్కాలర్‌షిప్‌ని తెలుగులో ఉపకార వేతనం అంటారని నాకు 58 ఏళ్ళ వయసులో తెలిసింది. అప్పటికి నేను ఆ డబ్బుతోనే చదువుకుని, ఉద్యోగం చేసి, రిటైరవడానికి దగ్గరకొచ్చాను. నిఘంటువులో ఆ రెండు మాటలూ పక్కపక్కన చూసి చాలాసేపు పేజీ తిప్పలేదు. ఉపకారం అంటే ఎదురు ఏమీ అడగకుండా చేసే మేలు. వేతనం అంటే చేసిన పనికి ఇచ్చే జీతం. ఈ రెండూ ఒక చోట ఎలా కూర్చుంటాయి? నాతోపాటు తెలుగు నేర్చుకుంటున్న స్నేహితురాలిని అడిగితే, "ఊరికే ఆలోచిస్తావు, అది సర్కారు మాట" అంది. కావచ్చు. కానీ 1980లో నా చేతికి వచ్చిన కాయితాలు గుర్తుచేసుకుంటే, ఆ మాట కట్టినవాళ్ళకి సంగతి బాగా తెలుసనే అనిపిస్తుంది.

మాది మలేసియాలో పేరాక్ రాష్ట్రం, బాగాన్ డాతో వైపు. అక్కడ కొబ్బరి తోటలు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఎక్కువే. మా తాత విశాఖపట్నం జిల్లా నుంచి తోటపనికి వచ్చాడు. నాన్న పొడుగాటి వెదురుగడకి కట్టిన కత్తితో కొబ్బరికాయలు కోసేవాడు. అమ్మ కాయలు పగలగొట్టి ఎండుకొబ్బరి తీసేది. మేం ముగ్గురం. అప్ప, నేను, తమ్ముడు. మా ఇంట్లో అక్కని అప్ప అంటాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు అలాగే అంటారట. మా తమిళ స్నేహితులు మాత్రం పడీపడీ నవ్వేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళకి అప్పా అంటే నాన్న.

ఇంట్లో తెలుగు, లైను ఇళ్ళ మధ్య తమిళం, అంగట్లో మలయ్, బడిలో ఇంగ్లీషు. 1970లో ఒకటో తరగతిలో చేరినవాళ్ళతో మొదలుపెట్టి, ఇంగ్లీషు బళ్ళు ఏడాదికో తరగతి చొప్పున మలయ్ భాషలోకి మారాయి. నేను 1967లో చేరాను కాబట్టి చివరిదాకా ఇంగ్లీషులోనే చదివాను. నాలుగు భాషలు మాట్లాడేదాన్ని, రాయడం వచ్చింది రెండే. ఆ రెండింటిలో తెలుగు లేదు. ఇది తరవాత ముఖ్యమవుతుంది.

నేను ఇంజనీరు కావాలనుకోవడానికి కారణం ఒక చెక్క తలుపు. మా తోట సముద్రం పక్కన, చాలా పల్లం. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు మా నేలకంటే ఎత్తుగా ఉండేవి. అందుకని చుట్టూ మట్టి గట్టు కట్టారు. గట్టు ఉంటే ఉప్పునీళ్ళు లోపలికి రావు సరే, మరి వాననీళ్ళు బయటికి ఎలా పోవాలి? దానికి గట్టులో తూము. తూముకి సముద్రం వైపు, పైన బందులకి వేలాడుతూ ఒక బరువైన తలుపు. పోటులో సముద్రమే ఆ తలుపుని నొక్కి మూసేస్తుంది. ఆటులో బయటి నీళ్ళు దిగిపోతాయి, లోపలి కాలవ నీళ్ళు తలుపుని తోసుకుని బయటికి పోతాయి. మనిషి అక్కర్లేదు, ఇంజను అక్కర్లేదు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ తలుపు ఎవరూ చెప్పకుండానే మూసుకునేది, తెరుచుకునేది. తలుపు సందులో కర్రముక్కో కొబ్బరిమట్టో ఇరుక్కుంటే మాత్రం ఉప్పునీళ్ళు లోపలికి కారేవి. అప్పుడు వానలో, రాత్రిపూట, నాన్న లాంతరు పట్టుకుని వెళ్ళి దాన్ని తీసేవాడు. నేను కూడా వెళ్ళేదాన్ని.

ఆటు, పోటు అన్న మాటలు నేను నాన్న నోటనే విన్నాను. జీవితంలో ఆటుపోట్లు అని పుస్తకాల్లో రాస్తారని పెద్దయ్యాక తెలిసింది. మొదటిసారి చదివినప్పుడు నాకు జీవితం కనిపించలేదు, తూము తలుపే కనిపించింది.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. తెలుక్ ఆన్సన్ ఊళ్ళో, వంగిన గడియారపు గోపురానికి దగ్గర్లో, అమ్మ దూరపు చుట్టాల ఇంట్లో ఉండి చదువుకున్నాను. 1979 చివర్లో హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ పరీక్ష రాశాను. లెక్కలు, ఫిజిక్స్ బాగా వచ్చాయి. స్కాలర్‌షిప్‌కి అర్జీ పెట్టమని ఫిజిక్స్ మాస్టారు ఫారం తెచ్చి ఇచ్చాడు. అందులో చదువు పేరు రాయాల్సిన చోట సివిల్ ఇంజనీరింగ్ అని రాశాను. ఆయన చూసి, "టీచర్ ట్రైనింగ్ అని కూడా రెండోది రాయి, జాగ్రత్తకి" అన్నాడు. రాయలేదు. ధైర్యం వల్ల కాదు, రెండోది రాస్తే వాళ్ళు దాన్నే ఇస్తారని తెలుసు.

ఇంటర్వ్యూ కౌలాలంపూర్‌లో. ఇచ్చినవాళ్ళ పేరు ఇక్కడ అక్కర్లేదు. వరండాలో ఇరవైమందికి పైగా కూర్చున్నాం. ఆడపిల్లలం ముగ్గురం, మిగతా ఇద్దరూ టీచర్ చదువుకి వచ్చినవాళ్ళు. లోపల బల్ల వెనకాల ముగ్గురు పెద్దమనుషులు. మొదటాయన అడిగిన మొదటి ప్రశ్న: "నీకు పెళ్ళయిపోతే ఈ డబ్బంతా ఏమవుతుంది?"

"బాండులో పెళ్ళికి మినహాయింపు లేదు కదా సార్" అన్నాను. నిజంగానే లేదు. ఆ కాయితం నేను నాలుగుసార్లు చదివాను. ఆయనకి నా జవాబు నచ్చినట్టు లేదు. రెండో ఆయన, చెరువుల దగ్గర, గట్ల మీద పని చేయగలవా, బురద ఉంటుంది అన్నాడు. బురద గురించి నాకు ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. మూడో ఆయన అంతసేపూ మాట్లాడలేదు. అప్పుడు ఒక తెల్లకాయితం నా వైపు తోసి, మీ తోటలో నీళ్ళు బయటికి ఎలా పోతాయో బొమ్మ వెయ్యి అన్నాడు. వేశాను. "తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?" అన్నాడు. ఆటు మొదలవగానే కాదు, బయటి మట్టం లోపలి మట్టంకంటే కిందికి దిగినప్పుడు, అందుకని పెద్ద వాన పడ్డ రోజు ముందే తెరుచుకుంటుంది అని చెప్పాను. ఆయన తల ఊపాడు. నాకు స్కాలర్‌షిప్ వచ్చింది ఆ వానవల్లేనని ఇప్పటికీ నమ్ముతాను.

ఉత్తరం వచ్చింది. మామ్మ ఏడ్చింది. "ఏటే గుంటా, అంత దూరం ఎల్లి ఏటి చదువుతావే? నీళ్ళు ఇక్కడ లేవేటి?" అంది. అమ్మ ఏమీ అనలేదు, రామమందిరంలో కొబ్బరికాయ కొట్టి వచ్చింది. కొబ్బరితోటలో కొబ్బరికాయ కొట్టడం పెద్ద మొక్కు కాదని తమ్ముడు అంటే వాడికి ఒకటి తగిలింది.

అసలు కష్టం ఆ ఉత్తరం వెనకాల ఉంది. మూడేళ్ళు చదువు, తిరిగి వచ్చి ఏడేళ్ళు ఉద్యోగం. రాకపోతే 90,000 రింగిట్లు కట్టాలి. దానికి ఇద్దరు పూచీ పడాలి. నాన్న అప్పట్లో నెలకి రెండు వందలు తెచ్చేవాడు. తినకుండా, కట్టకుండా పని చేస్తే ముప్ఫై ఏడున్నర ఏళ్ళు. లెక్క వేసింది అప్ప. పెన్సిల్ అక్కర్లేదు దానికి.

పూచీ పడేవాళ్ళని మలయ్‌లో పెన్‌జామిన్ అంటారు. తెలుగులో జామీను అనే మాట కనపడ్డప్పుడు ఎగిరి గంతేశాను. రెండూ అరబ్బీ నుంచి వచ్చిన ఒకే మాట, ఒకటి ఇటు వచ్చింది, ఒకటి అటు వెళ్ళింది. మీలో మలయ్ తెలిసినవాళ్ళకి ఇలాంటివి ఇంకా దొరుకుతాయి, వెతకండి.

నాన్న నాకు జామీను ఉండటానికి లేదు. జీతం చాలదు, అది ఒకటి. రెండోది కార్డు. ఈ దేశంలో పౌరులకి నీలం గుర్తింపు కార్డు, పౌరసత్వం లేకుండా స్థిరంగా ఉండేవాళ్ళకి ఎర్ర కార్డు. నేను 1960లో పుట్టాను. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ పుట్టినవాళ్ళకి అప్పట్లో పుట్టుకతోనే పౌరసత్వం. నాన్న కూడా ఇక్కడే పుట్టాడు, కానీ ముందు పుట్టాడు, పుట్టిన కాయితం లేదు. ఆయనది ఎర్ర కార్డు. 1969 తరవాత ఎర్ర కార్డువాళ్ళు పని చేయడానికి పర్మిట్ కావాలన్నారు. ఆ ఏళ్ళలో చాలా కుటుంబాలు ఇండియాకి వెళ్ళిపోయాయి. మేం ఉండిపోయాం. ఒకే ఇంట్లో కూతురిది నీలం, తండ్రిది ఎరుపు. ఫారం మీద "జామీనుదారు పౌరుడై ఉండాలి" అన్న వాక్యం నేనే నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "సరే, అయితే అడగాలి" అన్నాడు. నాన్న ఎవరినీ ఏదీ అడగడం నేను అంతకుముందు చూడలేదు.

ముందు తోట కిరాణి దగ్గరికి వెళ్ళాం. కిరాణి అంటే ఆఫీసులో లెక్కలు రాసేవాడు, మాకు దొర తరవాత దొర. నిలబెట్టే మాట్లాడాడు. "ఆడపిల్ల. అక్కడ ఎవడినో చేసుకుని ఉండిపోతుంది. నా ఇల్లు పోతుంది" అన్నాడు. కోపం రాలేదని చెప్పను. అయినా ఆయన భయం అబద్ధం కాదు. సంతకం పెడితే నిజంగానే ఇల్లు పోవచ్చు.

సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా తోట కొబ్బరి కొనే చీనా తౌకే. నాన్న కోసిన కాయల్ని ఇరవై ఏళ్ళుగా లెక్కపెట్టిన మనిషి. ఆయన ఫారం చదవలేదు. "నీ నాన్న లెక్కలో ఒక్క కాయ కూడా తేడా రాలేదు" అని మలయ్‌లో చెప్పి సంతకం పెట్టాడు. రెండో ఆవిడ తెలుక్ ఆన్సన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, తమిళావిడ, పెళ్ళి చేసుకోలేదు. అమ్మకి జ్వరం వచ్చినప్పుడు పరిచయం, అంతే. "ఎక్కడ పెట్టాలి?" అని ఒక్కటే అడిగింది. ఆవిడ పేరు ఎవరికీ చెప్పొద్దంది, చెబితే రేపు వందమంది వస్తారని.

అప్ప సంగతి ఇప్పుడు చెప్పాలి. అప్ప నాకంటే మూడేళ్ళు పెద్ద, లెక్కల్లో నాకంటే గట్టిది. ఐదో ఫారం అయ్యాక ఆరో ఫారం చదవడానికి ఇంట్లో డబ్బు లేదు. పెనాంగ్‌లో బాయాన్ లెపాస్ దగ్గర 1972లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల కోసం పన్నులేని ప్రాంతం మొదలైంది, అక్కడికి పల్లెల నుంచి ఆడపిల్లలు వేలమంది వెళ్ళారు. అప్ప కూడా వెళ్ళింది. రోజంతా భూతద్దం కింద వెంట్రుకంత తీగలు అతికించే పని. నెలకోసారి ఇంటికి వచ్చేది. నా కోటు, నా పెట్టె, పాస్‌పోర్టు, కౌలాలంపూర్ వెళ్ళిరావడానికి బస్సు, అన్నీ ఆ తీగల డబ్బే. స్కాలర్‌షిప్ అంటే అంతా వాళ్ళే పెట్టుకుంటారని అందరూ అనుకుంటారు. విమానం ఎక్కేదాకా అయ్యే ఖర్చు ఏ ఫారంలోనూ ఉండదు.

1980 అక్టోబరులో మాంచెస్టర్‌లో చదువు మొదలైంది. సరిగ్గా ఆ ఏడాదే బ్రిటన్ విదేశీ విద్యార్థులకి మొత్తం ఖర్చు ఫీజు పెట్టింది. సైన్సు, ఇంజనీరింగ్‌కి ఏడాదికి కనీసం 3,000 పౌండ్లు. అప్పటి లెక్కలో సుమారు 15,000 రింగిట్లు. సొంత డబ్బుతో వద్దామనుకున్న మలేసియా పిల్లలు చాలామంది ఆగిపోయారు. మర్నాడు ఏడాది 1981 సెప్టెంబరులో మలేసియా సర్కారు సంస్థ లండన్ షేర్ మార్కెట్లో కొన్ని గంటల్లోనే గత్రీ అనే పెద్ద తోటల కంపెనీని కొనేసింది. అక్టోబరులో ప్రధాని మహాతీర్ బ్రిటిష్ సరుకు చివరికే కొనండి అన్నాడు. ఫీజుల కోపం కూడా అందులో ఉంది. క్లాసులో ఇంగ్లీషు అబ్బాయి ఒకడు, మీ దేశం మా తోటలు లాక్కుందట కదా అన్నాడు. తోటలో ఎవరు ఏం చేశారో నాకు తెలుసు కాబట్టి నవ్వొచ్చింది.

మా క్లాసులో అరవైమందికి పైగా. ఆడవాళ్ళం ఇద్దరం. ప్రయోగశాల ఉన్న అంతస్తులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు, రెండు అంతస్తులు దిగి వెళ్ళాలి. సర్వే తరగతిలో వానలో పొలాల మధ్య లెవెల్ పట్టుకుని నిలబడాలి. చలికి వేళ్ళు వంగేవి కావు. మిగతా అబ్బాయిలు బురద తిట్టుకునేవారు. నాకు బురదే చుట్టంలా ఉండేది, చలే పరాయిది. రెండో అమ్మాయి బోల్టన్ నుంచి. వాళ్ళ నాన్న మిల్లు కార్మికుడు. నేను ఏం చెప్పినా ఆమెకి అర్థమయ్యేది, నా ఉచ్చారణ తప్ప.

ఇంటికి నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. నీలం రంగు ఎయిర్‌లెటర్. నెలకోసారి అప్ప వచ్చినప్పుడు చదివి, తెలుగులో అందరికీ చెప్పేది. జవాబు అప్పే ఇంగ్లీషులో రాసేది. అలా ఏడాది గడిచింది. 1981 చివర్లో ఒక కవరు వచ్చింది. లోపల రూళ్ళ కాయితం మీద, రెండు వైపులా, గుండ్రటి అక్షరాలు. తెలుగు. నాన్న తోటలో తెలుగు బడిలో నాలుగేళ్ళు చదివాడు. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చిన ఒక్క మనిషి ఆయనే. అప్ప చేత రాయించకుండా తనే రాశాడంటే అప్పకి తెలియకూడని విషయం ఏదో ఉంది. అంతవరకూ అర్థమైంది. మిగతాది ఒక్క అక్షరం కూడా అర్థం కాలేదు.

మాంచెస్టర్‌లో ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు ఉండేవారు. గుడి పూజలో ఒక డాక్టరుగారి భార్య పరిచయమైంది, ఆవిడది గుంటూరు. "నీ తెలుగు తమాషాగా ఉందమ్మా, ఏటి అంటావేంటి?" అనేది, కానీ ప్రతిసారీ అన్నం పెట్టేది. ఆవిడ దగ్గరికి ఉత్తరం తీసుకెళ్ళాను. "ఆంటీ, ఇది చదివి పెడతారా?" ఆవిడ చేయి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. అందరం క్షేమం. ఎండుకొబ్బరి ధర పడిపోయింది. తూము తలుపు కొత్తది వేశారు. అప్పకి సంబంధం వచ్చింది, అబ్బాయి సుంగై సిపుట్ దగ్గర తోటలో పని చేస్తాడు. అప్ప మాత్రం చెల్లి చదువు అయ్యేదాకా పెళ్ళి వద్దంటోంది. నువ్వే చెప్పు, ఆగమందామా, చేసేద్దామా?

నాన్న మాటలు. ఆవిడ గొంతు. గుంటూరు యాసలో. అది విన్న గంటలో నాకు కలిగిందేమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా నాన్న నాతో రహస్యం చెబుతుంటే మధ్యలో ఒక మంచి మనిషి కూర్చుని ఉంది.

ఇప్పుడు జవాబు ఎలా? నాన్నకి ఇంగ్లీషు రాదు, నాకు తెలుగు రాయడం రాదు. ఆంటీ రాసిపెడతానంది, వద్దన్నాను. నా మాట నా చేత్తోనే వెళ్ళాలనిపించింది. ఇంగ్లీషులోనే రాశాను: అప్పని నా కోసం ఆపొద్దు, నా చదువుకి తన పెళ్ళి జామీను కాదు. దాన్ని చదివి నాన్నకి చెప్పాల్సింది ఎవరు? అప్పే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను. తన గురించి మేమిద్దరం దాక్కుని మాట్లాడుకోవడం నాకు నచ్చలేదు.

అప్ప జవాబు రెండు వారాల్లో వచ్చింది. సగం పేజీ. ఆ అబ్బాయిని తను చూసిందట, నచ్చలేదట. నా చదువు అన్నది నాన్నకి చెప్పిన సాకట. చివర్లో ఇలా ఉంది: "పెళ్ళి నాది. దానికి జామీను ఎవరూ అక్కర్లేదు." 1984లో తన ఫ్యాక్టరీలోనే మిషన్లు బాగుచేసే తమిళ అబ్బాయిని చేసుకుంది. నాన్న ఒక నెల మాట్లాడలేదు. తరవాత అల్లుడు తూము దగ్గరికి వెళ్ళి బందులకి గ్రీజు పూస్తే మాట్లాడటం మొదలుపెట్టాడు.

అయితే అది నిజంగా సాకేనా? డెబ్బైకి దగ్గరవుతున్న అప్పని పోయిన ఉగాదికి కూడా అడిగాను. "ఎన్నిసార్లు అడుగుతావే, పచ్చడి తిను" అంది.

1983లో డిగ్రీ తీసుకుని వచ్చాను. నేను వెళ్ళినప్పుడు తెలుక్ ఆన్సన్, వచ్చేసరికి తెలుక్ ఇంతాన్. ఊరి పేరు 1982లో మార్చారు. ఏడేళ్ళ బాండు, ఆ తరవాత ఇంకా చాలా ఏళ్ళు. కాలవలు, గట్లు, తూములు, అవే పనులు. మొదటి ఏడేళ్ళూ నాకు ఉద్యోగం చేస్తున్నట్టు ఉండేది కాదు, రెండు ఇళ్ళు కాపలా కాస్తున్నట్టు ఉండేది. తౌకే ఇల్లు ఒకటి, నర్సుగారి క్వార్టరు ఒకటి. బాండు తీరిన రోజు అమ్మ ఒక డబ్బా మురుకులు చేసి తౌకేకి పంపింది. ఆయన పోయేదాకా ప్రతి దీపావళికీ పంపింది.

నేను చదువుకునేటప్పుడు నాకు ముందు వెళ్ళిన ఆడవాళ్ళు ఎవరూ తెలియదు. తెలుగు చదవడం వచ్చాక తెలిశారు. ఎ. లలితగారి గురించి మీలో చాలామంది వినే ఉంటారు. మద్రాసులో 1919లో పుట్టిన తెలుగమ్మాయి. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్ధెనిమిదేళ్ళకి భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పాప. ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడి 1940లో కూతుర్ని ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించాడు. తరవాత మరో ఇద్దరు అమ్మాయిలు, లీలమ్మ జార్జ్, పి.కె. త్రేస్య, సివిల్‌లో చేరారు. డిగ్రీ కాయితం మీద అచ్చు వేసిన "అతడు" అన్న మాట కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చిందట. లలితగారు కలకత్తాలో పని చేస్తూ భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో కూడా ఉన్నారు, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సభకి వెళ్ళారు.

ఇంకొకరు రాజేశ్వరీ చటర్జీగారు, కన్నడం మాట్లాడే ఇంట్లో 1922లో పుట్టారు. ఈవిడది నా దారి. సర్కారు స్కాలర్‌షిప్ మీద 1947లో ఓడెక్కి అమెరికా వెళ్ళి, మిషిగన్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తరవాత అదే చోట ఆసియా ఆడవాళ్ళ కోసం 1917 నుంచీ ఉన్న బార్బర్ స్కాలర్‌షిప్‌తో డాక్టరేట్ చేశారు. 1953లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి తిరిగి వచ్చి మైక్రోవేవ్‌ల మీద పాఠాలు చెప్పారు, పరిశోధన చేశారు.

వీళ్ళ కథలు చదువుతుంటే నా కన్ను ఒకే చోటికి పోతుంది. మార్కులు అందరివీ బాగానే ఉంటాయి. పూచీ ఎవరు పడ్డారు? లలితగారికి కాలేజీ లోపలే తండ్రి ఉన్నాడు. అది తక్కువ చేసి చెప్పడం కాదు, ఆ కాలంలో విధవ కూతుర్ని అలా నిలబెట్టిన తండ్రి చిన్నవాడు కాడు. కానీ అలాంటి తండ్రి ఆఫీసు బయట, ఎర్ర కార్డు జేబులో పెట్టుకుని నిలబడి ఉంటే ఏమవుతుంది? అప్పుడు ఒక కొబ్బరి వ్యాపారి కావాలి. లెక్కలు సరిగా ఉంచిన ఇరవై ఏళ్ళు కావాలి. స్కాలర్‌షిప్ వచ్చిన ఆడపిల్లల గురించి రాసేవాళ్ళు ఈ భాగం ఒక వాక్యంలో దాటేస్తారు.

నాన్న 1998లో పోయాడు. ఆయన ఉత్తరం నా దగ్గరే ఉంది. 58 ఏళ్ళకి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టి, ఎనిమిది నెలలకి దాన్ని నా అంతట నేను చదివాను. ఒక్కో మాట వేలుపెట్టి. ఆయన క్షేమం అని రాయలేదు, సేమం అని రాశాడు. ఆంటీ దాన్ని సరిచేసి చదివిందన్నమాట. నాకు మాత్రం సేమమే కావాలి, మా ఇంట్లో అందరం అలాగే అంటాం.

రెండో పేజీ కింద మూడు వరుసలు ఉన్నాయి. అవి నేను ఎప్పుడూ వినలేదు. "నువ్వు తిరిగి రావని ఇక్కడ కొందరు అంటున్నారు. తౌకే ఇల్లు పోతాదని కిరాణి నవ్వుతున్నాడు. నేను నమ్మను. ఇది నీ మనసులో పెట్టుకోకు." ఆ రోజు ఆంటీ ఇక్కడ ఆగి, నీళ్ళు తాగి, "అంతేనమ్మా, ఆశీస్సులు రాశారు" అంది. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లకి ఆవిడ ఆ వరుసలు వినిపించలేదు. నేను ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, కుదరలేదు. నాన్న కూడా మనసులో పెట్టుకోవద్దనే కదా రాశాడు. ఇద్దరి మాటా నెరవేరింది, ముప్ఫై ఏడేళ్ళు.

ఇప్పుడు నేను ఆదివారాలు రామమందిరంలో ప్రసాదం పంచుతాను, చెప్పుల దగ్గర టోకెన్లు ఇస్తాను, ఎవరికైనా ఫారాలు నింపాలంటే నింపుతాను. మూడోది చాలా ఎక్కువ. పోయిన ఏడాది ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి లారీ డ్రైవరు. మెకానికల్ ఇంజనీరింగ్‌కి విదేశం స్కాలర్‌షిప్. ఫారంలో అన్నీ నింపింది, జామీనుదారుల గళ్ళు రెండూ ఖాళీ. ఒక మేనమామ ఒప్పుకున్నాడట, రెండో వాళ్ళు లేరు. "ఆంటీ, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా..." అంది. నా వైపు చూడకుండా, చెప్పుల వైపు చూస్తూ అంది.

ఇంటికి వచ్చి మా అబ్బాయికి చెప్పాను. వాడు బ్యాంకులో పని చేస్తాడు. కట్టని స్కాలర్‌షిప్ డబ్బు కోసం జామీనుదారుల మీదకి నోటీసులు ఎలా వస్తాయో అరగంట చెప్పాడు. "అమ్మా, ఆ పిల్ల నీకు ఎంత తెలుసు?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆ పిల్ల రెండేళ్ళుగా శ్రీరామనవమికి పానకం కలుపుతుంది, బెల్లం ఎంత పడ్డదో చీటీ మీద రాసి పెడుతుంది. అంతే తెలుసు. ఆ చీటీల లెక్క ఎప్పుడూ సరిపోయింది.

సోమవారం నా నీలం కార్డు నకలు, పెన్షన్ కాయితం తీసుకుని వెళ్ళి సంతకం పెట్టాను. వాళ్ళమ్మ బయట నిలబడి ఉంది. దీపావళికి మురుకులు చేసి తెస్తానంది. వద్దమ్మా, నూనె పడదు, షుగరు కూడా ఉంది అన్నాను. అయినా తెచ్చింది.